క్యూనస్ అంటే సైలెన్స్: ఒక్క ముక్క రాని భాషలో సినిమాకి సౌండ్ పట్టిన నా అనుభవం

2023 మార్చి, ఆస్కార్ రాత్రి. ఐర్లండ్ టైంలో అర్ధరాత్రి 12కి మొదలవుతుంది. గాల్వేలో మేం అద్దెకున్న ఇంట్లో నలుగురం లాప్‌టాప్ ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. ముగ్గురం తెలుగువాళ్ళం, నాలుగో అమ్మాయి మేయో కౌంటీ నుంచి వచ్చిన ఐరిష్ పిల్ల. మాకు కావాల్సింది ఒక్కటే, నాటు నాటు. తనకి మాత్రం పెద్ద లిస్టే ఉంది, ఆ ఏడాది ఐరిష్ వాళ్ళకి మొత్తం 14 నామినేషన్లు వచ్చాయి మరి, వాళ్ళ చరిత్రలో ఎప్పుడూ అన్ని రాలేదట. అందులో 9 ఒక్క బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్ అనే సినిమాకే. అందులో కొంత వాళ్ళ మేయోలోనే, అకిల్ దీవిలో తీశారని ఆ రాత్రి మాకు కనీసం నాలుగుసార్లు చెప్పింది.

ఆ 9లో ఒక్కటీ రాలేదు. పాపం మొహం చిన్నబోయింది. కానీ మధ్యలో యాన్ ఐరిష్ గుడ్‌బై అనే షార్ట్ ఫిల్మ్‌కి వచ్చింది, అందులో నటించిన జేమ్స్ మార్టిన్‌కి ఆరోజే పుట్టినరోజు, డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయి, స్టేజీ మీద నిలబెట్టి హాల్లో ఉన్నవాళ్ళందరి చేతా హ్యాపీ బర్త్‌డే పాడించారు. మా మేయో పిల్ల ఏడ్చేసింది. తర్వాత కాసేపటికి నాటు నాటు రాగానే మేం అరిచిన అరుపుకి పక్కింటాయన గోడ మీద కొట్టాడు. ఆ రాత్రి గురించి ఎందుకు చెప్తున్నానంటే, షార్ట్ ఫిల్మ్ అంటే అప్పటిదాకా నాకు యూట్యూబ్‌లో పెట్టి, వ్యూస్ వస్తే ఎవరైనా నిర్మాత పిలుస్తాడని ఎదురుచూసే వ్యవహారం. దాని కోసం ఒకమ్మాయి ఏడవడం నేను అప్పుడే చూశా.

నాది ఖమ్మం. బీటెక్‌లో ఉన్నప్పుడు మా తమ్ముడి ఫ్రెండ్స్ షార్ట్ ఫిల్మ్స్ తీసేవాళ్ళు, సౌండ్ ఎవరూ చేసేవాళ్ళు కాదు, అందరికీ డైరెక్షన్ కావాలి లేదంటే కెమెరా కావాలి. ఆ బాధ్యత నా మీద పడింది. మా ఇంటి కర్టెన్ రాడ్ పీకి దానికి మైక్ ప్లాస్టర్‌తో చుట్టి పట్టుకునేదాన్ని, అమ్మ తిట్టేది. గాల్వేకి డేటా అనలిటిక్స్ మాస్టర్స్‌కి వచ్చాక ఆ సంగతే మర్చిపోయా. 2023 శరత్కాలానికి థీసిస్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, రోజుకి 10 అప్లికేషన్లు పెట్టడం, 'అన్‌ఫార్చునేట్లీ' అని మొదలయ్యే మెయిల్స్ చదవడం, ఇదే పని. అలాంటి టైంలో మా మేయో పిల్ల ఒక స్క్రీన్‌షాట్ పంపింది. ఎవరో అమ్మాయి ఐరిష్ భాషలో షార్ట్ తీస్తోంది, సౌండ్ మనిషి చివరి నిమిషంలో రానన్నాడు, నాలుగు రోజుల షూట్, డబ్బుల్లేవు, భోజనం, బస్ ఛార్జీలు ఇస్తాం.

ఐరిష్ భాష అంటే ఐరిష్ యాసలో ఇంగ్లీష్ కాదు, అసలు వేరే భాష, గేల్గె అంటారు. స్కూళ్ళలో దాదాపు అందరూ చదువుతారు, 2022 జనాభా లెక్కల్లో దాదాపు 18.7 లక్షల మంది మాకు వచ్చు అని రాసుకున్నారు, కానీ బడి బయట రోజూ మాట్లాడేది 72 వేల మంది. మా ఖమ్మంలో నాలుగు డివిజన్లు కలిపితే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారేమో. అలాంటి భాషలో తీసిన అన్ కల్యీన్ క్యూన్ అనే సినిమా ఆ 2023 ఆస్కార్‌లోనే ఇంటర్నేషనల్ ఫీచర్ కేటగిరీలో ఫైనల్ అయిదింట్లోకి వెళ్ళింది, ఐరిష్ భాషా సినిమా ఒకటి అక్కడిదాకా వెళ్ళడం అదే మొదలు. డైరెక్టర్ కోలమ్ బరేడ్‌కి అది మొదటి పెద్ద సినిమా, అంతకుముందు షార్ట్స్, టీవీ డాక్యుమెంటరీలు చేసుకుంటూ వచ్చాడు. అందులో నటించిన క్యాథరిన్ క్లించ్ అనే 12 ఏళ్ళ పాపకి కూడా అదే మొదటి సినిమా, వాళ్ళ ఇఫ్టా అవార్డుల్లో పెద్దవాళ్ళ కేటగిరీలోనే బెస్ట్ యాక్ట్రెస్ ఇచ్చేశారు. నేనా సినిమా చూసింది ఆస్కార్ అయిన వారానికి. మాటలు చాలా తక్కువ, గిన్నెలో నీళ్ళు పోసే చప్పుడు, బావి, చెప్పుల చప్పుడు, ఇవే వినిపిస్తాయి. సౌండ్ పిచ్చి ఉన్నవాళ్ళు హెడ్‌ఫోన్స్‌తో చూడండి.

సరే, నేను మెయిల్ పెట్టా. నాకు భాష రాదు, కర్టెన్ రాడ్ అనుభవం తప్ప ఏమీ లేదు అని నిజమే రాశా. 20 నిమిషాల్లో ఫోన్ వచ్చింది. డైరెక్టరమ్మాయి నాకన్నా రెండేళ్ళు చిన్నది, గాల్వేకి పడమటి వైపు, ఐరిష్ మాట్లాడే కానమరాలో పుట్టి పెరిగింది. "భాష రాకపోతే ఇంకా మంచిది, నువ్వు మాటల్లో పడిపోకుండా చప్పుడు వింటావు" అంది. అప్పుడు నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదనుకున్నా.

లొకేషన్ స్పిడ్డల్ దాటాక సముద్రం ఒడ్డున పాత ఇల్లు. గాల్వే నుంచి 424 బస్. నవంబర్, పొద్దున 8 అయినా చీకటి చీకటిగానే ఉంటుంది. దిగి నడుస్తుంటే గాలి మనిషిని తోసేస్తోంది. ఇంట్లోకి అడుగు పెట్టగానే కెమెరా ఆయన నన్ను చూసి "డెడ్ క్యాట్ తెచ్చావా?" అన్నాడు. నాకు గుండె ఆగింది. చచ్చిన పిల్లిని నేనెందుకు తేవాలి, ఇదేమన్నా కథలో భాగమా, దారిలో ఏమన్నా చూసి ఉండాల్సిందా అని నిలబడిపోయా. చివరికి అది మైక్‌కి తొడిగే బొచ్చు కవర్ అని తెలిసింది, గాలి చప్పుడు లోపలికి రాకుండా. మేం ఖమ్మంలో పాత మంకీ క్యాప్ తొడిగేవాళ్ళం, దానికి పేరు లేదు.

ఆ కెమెరా ఆయన గురించి చెప్పాలి. 50 దాటి ఉంటాయి, 25 ఏళ్ళుగా ఇదే ఫీల్డ్. వారంలో అయిదు రోజులూ విక్లో వైపు ఒక పెద్ద అమెరికన్ సిరీస్‌లో పని. ఐర్లండ్‌లో సెక్షన్ 481 అని ఒక టాక్స్ క్రెడిట్ ఉంది, ఇక్కడ ఖర్చు పెట్టినదాంట్లో మామూలుగా 32 శాతం దాకా వెనక్కొస్తుంది, అందుకని బయటి ప్రొడక్షన్లు బాగా వస్తాయి, వీళ్ళకి చేతినిండా పని ఉంటుంది. అలాంటాయన శుక్రవారం రాత్రి కారేసుకుని దేశం ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చి, జీతం లేకుండా శనాదివారాలు ఈ పిల్లల కోసం కెమెరా పట్టుకున్నాడు, తన లైట్లు రెండు తనే తెచ్చుకున్నాడు. షూట్‌ని రెండు వీకెండ్‌లకి చీల్చింది కూడా ఆయన కోసమే. టీ బ్రేక్‌లో ఎందుకు చేస్తున్నారని అడిగేశా, మనకి ఆ మొహమాటం తక్కువ కదా. బిస్కెట్ టీలో ముంచుకుంటూ, నా మొదటి షార్ట్‌కి కూడా ఒకాయన ఇలాగే వచ్చాడు, ఆయన పోయాడు, ఇప్పుడు అప్పు ఎవరికి తీర్చాలి అన్నాడు. తర్వాత వాతావరణం గురించి మాట్లాడటం మొదలెట్టాడు, ఐరిష్ వాళ్ళు ఏదైనా కాస్త లోతు మాట అనేస్తే వెంటనే వానలోకి వెళ్ళిపోతారు.

సెట్‌లో నాకు మొదట వచ్చిన మాట "క్యూనస్!". అసిస్టెంట్ డైరెక్టర్ అరవగానే అందరూ గప్‌చుప్. క్యూనస్ అంటే నిశ్శబ్దం అట. అన్ కల్యీన్ క్యూన్‌లో ఉన్న క్యూన్ కూడా అదే, నెమ్మదైన, మాట్లాడని పిల్ల అని. రెండో మాట "అరీష్", అంటే మళ్ళీ. మొదటి రోజు సాయంత్రానికి అరీష్ వినగానే నా చెయ్యి దానంతట అదే పైకి లేచేది. బూమ్, అంటే మైక్ తగిలించిన పొడుగు రాడ్, పట్టుకోవడం ఎంత నరకమో చేస్తేనే తెలుస్తుంది, రెండు చేతులూ తల పైకి ఎత్తి, మైక్ ఫ్రేమ్‌లోకి రాకుండా, నటి నోటికి మూరెడు దూరంలో, నాలుగు నిమిషాల టేక్. మూడో నిమిషంలో భుజం వణుకుతుంది, ఆ వణుకు రాడ్‌లోంచి మైక్‌లోకి వినిపిస్తుంది. ఇంకా సీగల్స్. ఆ పక్షులకి క్యూనస్ అర్థం కాదు.

డైరెక్టర్ చెప్పింది నిజమే అని రెండో రోజు తెలిసింది. పెద్దావిడ పాత్ర వేసినావిడ ఒక వాక్యం ఏడుసార్లు చెప్పింది. ఆరో టేక్ అద్భుతంగా ఉందని అందరూ లేచి నిలబడ్డారు. నాకు మాత్రం ఏదో తేడాగా వినిపించింది, మిగతా టేకుల్లో చివర్న 'హ' లాంటి ఊపిరి ఉంది, ఇందులో లేదు. చెప్పాలా వద్దా అని పది సెకన్లు ఆలోచించి చెప్పేశా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. ఆవిడ ఒక పదం మింగేసింది, దానివల్ల 'వాడు వస్తాడు' అనాల్సింది 'వాడు రా' అన్నట్టు అయిపోయిందట. నేను మాత్రం అర్థం వినలేదు, ఊపిరి విన్నా. ఆ రోజు నుంచి ప్రతి టేక్ తర్వాత డైరెక్టర్ ముందు నా వైపు చూసేది. ఇది కాస్త గొప్పగా చెప్పుకుంటున్నా, చెప్పుకోనివ్వండి.

గొప్ప అయిపోయింది, ఇప్పుడు వెధవ పని. ఇల్లు ఒక 80 ఏళ్ళ బామ్మగారిది, షూట్ కోసం ఊరికే ఇచ్చింది, తను పక్కనే కూతురింట్లో ఉంది. వంటగదిలో ఫ్రిజ్ గుయ్య్‌మని శబ్దం, మైక్‌లో ఇంకా పెద్దగా. తీసేశా ప్లగ్. సాయంత్రం ప్యాకప్ హడావిడిలో బస్ పోతుందని పరుగెత్తా. మర్నాడు పొద్దున వచ్చేసరికి బామ్మగారు వంటగదిలో నిలబడి ఉంది, ఫ్రిజ్ కింద నీళ్ళు, ఫ్రీజర్‌లో చేపలు మెత్తబడి వాసన. కొడుకు పట్టి ఇచ్చిన మాకెరెల్ చేపలట. నాకు నేల చీలి అందులోకి పోవాలనిపించింది. ఆవిడ "షూర్ ఇట్స్ గ్రాండ్, పిల్లులకి పండగ" అని టీ పెట్టింది. గ్రాండ్ అంటే ఇక్కడ బ్రహ్మాండం అని కాదు, పర్లేదులే అని.

కెమెరా ఆయన నన్ను పక్కకి పిలిచి ఒక్క ముక్క చెప్పాడు. సౌండ్ వాళ్ళు ఫ్రిజ్ ఆపినప్పుడు వాళ్ళ కారు తాళాలు ఫ్రిజ్‌లో పెడతారట. తాళాలు లేకుండా ఇంటికి పోలేరు కదా, వాటి కోసం ఫ్రిజ్ తెరిస్తే లైట్ వెలగదు, అప్పుడు గుర్తొస్తుంది. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో ఇంత తెలివైన డిజైన్ నాకెవరూ చెప్పలేదు.

షూట్ అయ్యాక అసలు కథ మొదలవుతుందని నాకు తెలీదు. మొదటి ఎడిట్ 19 నిమిషాలు వచ్చింది. ఫిల్మ్ ఫెస్టివల్స్ వాళ్ళు షార్ట్స్‌ని గుత్తిగా ఒక గంటన్నర ప్రోగ్రాంలో వేస్తారు, పొడుగు సినిమాకి చోటు దొరకడం కష్టం, కోసి కోసి 13కి తెచ్చారు. కోసినదాంట్లో నేను ప్రాణం పెట్టి రికార్డ్ చేసిన అలల సీన్ మొత్తం పోయింది, రెండు రోజులు డైరెక్టర్‌తో మాట్లాడలేదు నేను. ఫండింగ్ రెండు చోట్ల అడిగితే రాలేదు, సౌండ్ మిక్స్‌కి తను క్రెడిట్ యూనియన్‌లో, అంటే మన సహకార బ్యాంకు లాంటిదాంట్లో, లోన్ తీసుకుంది. థియేటర్‌లో వేయడానికి డీసీపీ అని ఒక ఫార్మాట్ చేయించాలి, మొదటిసారి చేసిచ్చినవాళ్ళు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ లేకుండా ఇచ్చారు, ఇక్కడి ఐరిష్ వాళ్ళల్లోనే సగం మందికి సబ్‌టైటిల్స్ కావాలి, మళ్ళీ డబ్బు కట్టాలన్నారు, గొడవపడి ఊరికే చేయించుకుంది. తర్వాత ఫిల్మ్‌ఫ్రీవే సైట్‌లో ఒక్కో ఫెస్టివల్‌కి ఫీజు కట్టి పంపడం. రెండు చోట్ల నుంచి 'అన్‌ఫార్చునేట్లీ' వచ్చింది. ఆ మాటతో నాకు పాత పరిచయం కాబట్టి నేనే తనని ఓదార్చా.

ఈలోగా నాకు ఉద్యోగం వచ్చింది, చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోనిచ్చే 1జి స్టాంప్ వచ్చింది, మెడికల్ పరికరాల కంపెనీలో డేటా పని. ఒకరోజు మీటింగ్‌లో ఉండగా వాట్సాప్‌లో అన్నీ పెద్ద అక్షరాలతో మెసేజ్, గాల్వే ఫిల్మ్ ఫ్లాలో తీసుకున్నారు.

ఫ్లా అంటే జాతర అనుకోండి. 1989 నుంచి ప్రతి జులైలో ఆరు రోజులు జరుగుతుంది. అక్కడ గెలిచిన కొన్ని షార్ట్స్‌కి ఆస్కార్ పోటీకి వెళ్ళే అర్హత వస్తుంది. ఈ ఊరు సైజు చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ 2014 నుంచి గాల్వేకి యునెస్కో సిటీ ఆఫ్ ఫిల్మ్ అని పేరు. దేశం ఫిల్మ్ బోర్డ్, ఇప్పుడు స్క్రీన్ ఐర్లండ్ అంటున్నారు, దాన్ని కూడా ఇక్కడే పెట్టారు. 1987లో డబ్బు దండగని ఆ బోర్డ్‌ని మూసేశారు, 1993లో నీల్ జోర్డాన్‌కి క్రయింగ్ గేమ్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చిన వెంటనే మళ్ళీ తెరుస్తున్నామని ప్రకటించారు. తెరిపించిన మంత్రి మైకేల్ డి. హిగ్గిన్స్, గాల్వే మనిషే, తర్వాత 14 ఏళ్ళు దేశాధ్యక్షుడు. ఆయన కవి కూడా.

2024 జులై. మొదటి రోజు నీక్యాప్ అనే సినిమా వేశారు, అదే పేరున్న బెల్‌ఫాస్ట్ బృందంలో ముగ్గురు కుర్రాళ్ళు ఐరిష్‌లో ర్యాప్ చేస్తారు, వాళ్ళ కథలో వాళ్ళే నటించారు, ముందెప్పుడూ నటన చేసినవాళ్ళు కాదు, పక్కన మైకేల్ ఫాస్‌బెండర్. టికెట్లు నాకు దొరకలేదు, ఆగస్టులో చూసుకున్నా. ఆ ఫ్లాలో బెస్ట్ ఐరిష్ ఫిల్మూ, ఆడియన్స్ అవార్డూ దానికే పోయాయి.

మాది టౌన్ హాల్ థియేటర్‌లో పొద్దున పూట షో. షార్ట్స్‌కి అంత పొద్దున ఎవరొస్తారు, ఇల్లిచ్చిన బామ్మగారు, మేము, అంతే అనుకుంటూ వెళ్ళా. బయట వానలో లైన్ రోడ్డు దాకా ఉంది. నా ముందు నిలబడ్డావిడని టీవీలో బోలెడుసార్లు చూశా, పేరు చెప్పను, గొడుగు లేక తడుస్తోంది, ఎవరూ ముందుకి పంపలేదు, ఆవిడా అడగలేదు. హైదరాబాద్‌లో ఒక ప్రివ్యూకి వెళ్ళినప్పుడు బౌన్సర్ నన్ను తోసిన తోపుడు గుర్తొచ్చింది.

లైట్లు ఆరిపోయాయి. మాది నాలుగోది. మొదటి సీన్‌లో గాలి చప్పుడు ఆ స్పీకర్లలో వచ్చేసరికి నాకు చేతులు చల్లబడ్డాయి, నేను డెడ్ క్యాట్ పట్టుకుని నిలబడ్డ చోటు కళ్ళ ముందు కనిపిస్తోంది. ఆ 'వాడు వస్తాడు' వాక్యం వచ్చినప్పుడు హాల్లో ఎవరో ముక్కు చీదారు. చివర్లో పేర్లు. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, డైరెక్టర్ దాన్ని చూసే రాసింది, కాబట్టి తెర మీద మా తాతల ఇంటిపేరు ముందు, నా పేరు వెనక. అమ్మకి ఫోటో పంపితే "ఏందే, నీ ఒక్కదానికేనా అంత పెద్దగా రాసింది?" అంది. అందరివీ అంతే సైజు అమ్మా అన్నా. "అయినా ఉద్యోగం మానకు" అంది.

షో అయ్యాక డైరెక్టర్లని స్టేజీ మీదకి పిలిచారు. మా డైరెక్టర్ మైక్ తీసుకుని టీమ్ అంతా లేవండి అంది. నేను లేచా, అటు చివర కెమెరా ఆయన లేవలేదు, సీట్లో కిందకి జారాడు, పక్కనున్నవాళ్ళు చొక్కా పట్టి లేపారు. సాయంత్రం నది ఒడ్డున రోయింగ్ క్లబ్‌లో అందరూ చేరతారు, అక్కడ అప్పటికే ఆయన ఎవరో 20 ఏళ్ళ కుర్రాడి కథ వింటున్నాడు, సెప్టెంబర్‌లో ఏ వీకెండ్ ఖాళీ అని ఫోన్‌లో చూసుకుంటున్నాడు. మాకు అవార్డ్ ఏమీ రాలేదు, అది కూడా చెప్పేస్తున్నా.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోను. ఇలా ఊరికే పని చేయడం నాకు ఆ రెండు వీకెండ్‌లూ కుదిరింది, ఎందుకంటే ఉద్యోగం లేదు, రూమ్మేట్స్ అద్దె సర్దారు. గాల్వే అద్దెలకి అది అందరికీ కుదిరేది కాదు, మా ఇంట్లోని మిగతా ఇద్దరు తెలుగువాళ్ళకీ కుదరలేదు, వాళ్ళు శనాదివారాలు డెలీలో సాండ్‌విచ్‌లు చేస్తున్నారు. డైరెక్టర్‌తో అన్నా ఈ మాట. తను కాదనలేదు. రెండో షార్ట్‌కి చిన్న గ్రాంట్ రాగానే ముందు రాసుకున్న లైన్ క్రూ జీతాలే అని నాకు బడ్జెట్ షీట్ చూపించింది. ఎక్కువేం కాదు, కానీ ఉంది.

ఆ రెండోది ఈమధ్యే తీశాం, సాల్ట్‌హిల్‌లో ఒక ఫ్లాట్‌లో. మళ్ళీ వంటగది, మళ్ళీ గుయ్య్‌మనే ఫ్రిజ్. ప్లగ్ పీకి జేబులు వెతుక్కున్నా. నాకు కారు లేదు, తాళాలు లేవు. బస్ ఎక్కడానికి వాడే లీప్ కార్డ్ తీసి వెన్న పక్కన పెట్టా. రాత్రి 401 ఎక్కి మెషిన్‌కి తాకిస్తుంటే కార్డ్ ఇంకా కాస్త చల్లగానే ఉంది.